పెద్దాసుపత్రిని ప్రైవేటుకు ఇస్తే రోగికి ఏం మారుతుంది?

మీరు అడిగింది ఇదీ: మీది చిత్తూరు పక్క పల్లె, అమ్మగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ప్రభుత్వాసుపత్రులను పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) పేరుతో ప్రైవేటుకు అప్పజెబుతున్నారని కొందరు భయపెడుతున్నారు, అలా ఇస్తేనే బాగుపడతాయని ఇంకొందరు అంటున్నారు. ఇందులో నిజమెంత, మనలాంటివాళ్లం ఏం గమనించుకోవాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక స్కానింగ్ యంత్రాన్నో, డయాలసిస్ యూనిట్‌నో బయటివాళ్ల చేత నడిపించడం వేరు, మొత్తం ఆసుపత్రిని ముప్పై ఏళ్లకు ఇచ్చేయడం వేరు. మొదటిది జాగ్రత్తగా చేస్తే నడుస్తుంది. రెండోదానికి నేను ఒప్పుకోను. ప్రైవేటువాళ్లంతా దుర్మార్గులని కాదు. ఆసుపత్రిని నడపలేకపోతున్నామని చేతులెత్తేసిన శాఖ, రేపు దాన్ని నడిపేవాడి లెక్కల్లో తప్పు పట్టుకోగలదంటే నమ్మడం కష్టం. అజమాయిషీ చేయడం నడపడం కంటే తేలికేం కాదు. వార్డు పని తెలిసిన మనిషి, ఒప్పందం చదవగలిగిన మనిషి, నెలనెలా బిల్లులో కోత పెట్టే ధైర్యమున్న మనిషి, ముగ్గురూ ఉండాలి. మన జిల్లాల్లో ఆ ముగ్గురూ ఒకే ఆఫీసులో దొరకడం అరుదు.

ఇంకో సంగతి. టెండరు పిలిచినప్పుడే ప్రైవేటీకరణ జరుగుతుందనుకోవద్దు. మత్తు డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే ఆపరేషన్ బయటికి పోతుంది. సీటీ రిపేరులో ఉంటే స్కాన్ బయటికి పోతుంది. స్టాకు లేదని చీటీ మీద బయటి మందు రాస్తే ఆ పూట ఖర్చు మీదే. ఏ జీవో లేకుండా, ఎవరూ సంతకం పెట్టకుండా రోజూ జరిగేది ఇదే. 2022 ఏప్రిల్‌లో తిరుపతిలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి రుయాలో చనిపోయిన పదేళ్ల కొడుకు శవాన్ని ఒక తండ్రి దాదాపు 90 కిలోమీటర్లు బైకు మీద తీసుకెళ్లాల్సి వచ్చింది. లోపలి ప్రైవేటు అంబులెన్సులవాళ్లు అడిగినంత ఇచ్చుకోలేకపోయాడు, బయటినుంచి పిలిపించుకున్న బండిని వాళ్లు రానివ్వలేదు. ఆసుపత్రి సర్కారుదే, గేటు దగ్గర రేటు మాత్రం ప్రైవేటుది.

అలాగని సర్కారు చేతిలో ఉంటే చాలు, అంతా క్షేమం అని కూడా కాదు. 2021 మే 10 రాత్రి అదే రుయాలో తమిళనాడు నుంచి రావాల్సిన ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై పైపుల్లో పీడనం పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఇక్కడ యజమాని ఎవరన్నది కాదు సమస్య, ట్యాంకరు రాకపోతే ఏమిటన్న లెక్క ముఖ్యం. పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున వంద మంది పీలిస్తే నిమిషానికి 1,000 లీటర్లు, అంటే సిలిండరు ఏడు నిమిషాలకే ఖాళీ. గంట గడవాలంటే తొమ్మిది సిలిండర్లు సిద్ధంగా, పైపు లైనుకు బిగించి ఉండాలి. ట్యాంకులో ఏ మట్టానికి రాగానే ఆర్డరు పెట్టాలి, పెట్టిన ఎన్ని గంటల్లో బండి రాకపోతే సరఫరాదారుకు ఎంత జరిమానా, ఈలోపు ఏ నిల్వ వాడాలి: ఈ మూడూ రాసి ఉండకపోతే ఆసుపత్రి ఎవరిదైనా ఒకటే.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. మన ప్రభుత్వాసుపత్రుల్లో చాలాచోట్ల డయాలసిస్ నడుస్తున్నది భాగస్వామ్య పద్ధతిలోనే. 2016లో వచ్చిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం మార్గదర్శకాల ప్రకారం స్థలం, కరెంటు, నీళ్లు ప్రభుత్వానివి. యంత్రాలు, ఆర్వో ప్లాంటు, సిబ్బంది, డయలైజర్లు (రక్తాన్ని వడగట్టే గొట్టాలు) ప్రైవేటు సంస్థవి. సంస్థకు సెషన్‌కు ఇంత అని చెల్లిస్తారు. కాబట్టి ఎన్ని సెషన్లు చేస్తే అంత రాబడి. ఎక్కడ కత్తెర పడుతుందో ఇక ఊహించుకోవచ్చు.

మొదటిది సమయం. మామూలుగా ఒక సెషన్ నాలుగు గంటలు. రోగిని దింపి, యంత్రాన్ని శుద్ధి చేసి, ఇంకొకరిని ఎక్కించడానికి దాదాపు గంట. పొద్దున ఆరింటికి తెరిచి రాత్రి పదికి మూసే యూనిట్‌లో నిజాయితీగా మూడు షిఫ్టులే పడతాయి. అక్కడ నాలుగు షిఫ్టుల బిల్లు వస్తుంటే నాలుగు గంటలు మూడయ్యాయని అర్థం. ఎక్కించిన సమయం, దింపిన సమయం కేస్ షీటులో రాస్తారు. ఆ పేజీని ప్రతిసారీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

రెండోది శుద్ధి నిజంగా జరుగుతోందా అన్నది. నెలకోసారి సెషన్‌కు ముందూ వెనకా రక్తంలో యూరియా చూడాలి. కనీసం 65 శాతం తగ్గాలి. ముందు 120 ఉంటే తర్వాత 42 లోపు రావాలి. 60 దగ్గరే ఆగుతుంటే సమయం తగ్గించారా, డయలైజరు మరీ ఎక్కువసార్లు వాడారా, ఫిస్టులాలో (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన దారి) రక్త ప్రవాహం చాలడం లేదా అని వరసగా అడగాలి. ఈ పరీక్ష చేయడానికి యూనిట్ సాకులు చెబుతుంటే అదే పెద్ద సూచన.

మూడోది నీళ్లు. డయాలసిస్ ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్లు పోతుంది, నాలుగు గంటలకు 120 లీటర్లు. మన వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, కాబట్టి ఆర్వోకు ముందు సాఫ్ట్‌నర్ ఉండాలి, దానికి ఉప్పు వేళకు వేయాలి. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్‌ను కార్బన్ ఫిల్టరు పట్టేయాలి. అది అయిపోయాక మార్చకపోతే క్లోరమిన్ రక్తకణాలను పగలగొడుతుంది. రోగికి ఏ రక్తస్రావం లేకుండానే హిమోగ్లోబిన్ పడిపోతూ ఉంటుంది. క్లోరిన్ పరీక్ష రోజూ, సూక్ష్మజీవుల పరీక్ష నెలనెలా జరిగి రిజిస్టరులో ఎక్కాలి. ఒకే షిఫ్టులో ఇద్దరు ముగ్గురికి చలి, జ్వరం వస్తే నీళ్లనే అనుమానించాలి.

నాలుగోది, ఉచితం అన్నదాంట్లో ఏమేం కలిసి ఉన్నాయి. సెషన్ ఉచితమే, కానీ రక్తం పెరగడానికిచ్చే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్, ఐరన్, ఫిస్టులా ఆపరేషన్, మెడలో పెట్టే కాథెటర్, హెపటైటిస్ పరీక్షలు, హెపటైటిస్ బీ టీకా ఎవరి ఖర్చు? చాలా ఇళ్లలో డబ్బు కారిపోయేది వీటి దగ్గరే. హెపటైటిస్ బీ ఉన్నవాళ్లకు వేరే యంత్రం ఉందో లేదో కూడా కళ్లారా చూసుకోండి. అన్నట్టు, డయాలసిస్ రోగులకు రాష్ట్రం ఇచ్చే నెలకు 10,000 రూపాయల పింఛనుకూ యూనిట్‌ను ఎవరు నడుపుతున్నారన్నదానికీ సంబంధం లేదు. సంస్థ మారితే పింఛను పోతుందని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

ల్యాబు సంగతి త్వరగా చెబుతాను. పరీక్షకు ఇంతని చెల్లిస్తే అక్కర్లేని పరీక్షలు పెరుగుతాయి, నెలకు గంపగుత్తగా చెల్లిస్తే అవసరమైనవీ తగ్గుతాయి. పీహెచ్‌సీలో తీసిన రక్తాన్ని ఊళ్లోని కేంద్ర ల్యాబుకు పంపే పద్ధతిలో రోగికి దెబ్బ తగిలేది దారిలో. ఎండలో గంటల తరబడి తిరిగిన నమూనాలో కణాలు పగిలి పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబులో తీయకపోతే చక్కెర గంటకు 5 నుంచి 7 శాతం పడిపోతుంది, షుగరున్న మనిషికి నార్మల్ అని రిపోర్టు వస్తుంది. కాబట్టి నమూనా తీసిన సమయం, ల్యాబుకు చేరిన సమయం రెండూ రిపోర్టు మీద ఉండాలని ఒప్పందంలో రాయించాలి. సీటీ, ఎమ్మారైలలో చూడాల్సింది యంత్రం పనిచేసే రోజుల షరతు. ఏడాదికి 95 శాతం అంటే 18 రోజులు పాడైపోయి ఉన్నా జరిమానా పడదు. అదే షరతు నెలకు అని రాస్తే ఒకటిన్నర రోజు దాటగానే కోత. ఒక్క పదంతో ఇంత తేడా.

పారిశుద్ధ్యం, సెక్యూరిటీ ఎప్పుడో ఏజెన్సీల చేతికి వెళ్లిపోయాయి. బిల్లులో 120 మంది, వార్డుల్లో 90 మంది అన్నది అక్కడి పాత రోగం. దీన్ని పట్టుకోవడానికి హాజరు పట్టీ పనికిరాదు. ఏజెన్సీ ప్రతినెలా పీఎఫ్‌కు దాఖలు చేసే ఈసీఆర్ అడగాలి. అందులో ప్రతి మనిషి పేరు, జీతం, కోత ఉంటాయి. బిల్లులోని తలలు, ఈసీఆర్‌లోని తలలు సరిపోకపోతే ఇక మాట్లాడేదేముంది.

వైద్యసేవ పథకం గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ప్రభుత్వ డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకు చేరే అతి పెద్ద కాలువ అదే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. ప్రాణాంతక జబ్బులకు పేదవాడికి కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరిచిన మాట నిజం, దాన్ని తక్కువ చేయక్కర్లేదు. కానీ ప్యాకేజీ (ఒక్కో చికిత్సకు పథకం ఇంతని కట్టిచ్చే మొత్తం) ఎక్కడ లాభమో ఆ ఆపరేషన్లు పెరుగుతాయి. అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్ల గొడవ ముదిరి, ఆ ప్రొసీజరును ప్రభుత్వాసుపత్రులకే కేటాయించాల్సి రావడం ఈ రాష్ట్రంలోనే జరిగింది. ప్యాకేజీ రేటు గిట్టని జబ్బుకు 'బెడ్డు లేదు, రుయాకు వెళ్లండి' అనే జవాబు వస్తుంది. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. ఆ జవాబు ఖరీదు అంత.

పథకానికి ఇంకో బలహీనత ఉంది. బకాయిలు పేరుకుపోయాయని 2025 అక్టోబరు 10 నుంచి రాష్ట్రంలోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం సేవలు ఆపేసింది. వాళ్ల కోణంలో వాళ్లది న్యాయమే, నెలల తరబడి అప్పు పెట్టి ఎవరు నడుపుతారు? కానీ అటువంటి రోజున రోగి ఎక్కడికి పోవాలి? సర్కారు ఆసుపత్రిలో మంచం, డాక్టరు, మందు ఉంటేనే ప్రభుత్వానికి బేరమాడే బలం ఉంటుంది. ఆ ఆసుపత్రినే అప్పజెప్పేశాక బిల్లు ఆగిన రోజున ప్రభుత్వమూ రోగీ ఇద్దరూ ఒకే తలుపు ముందు నిలబడతారు. ఇక మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించిన కొత్త పద్ధతిలో 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే వైద్యసేవ ట్రస్టు భరిస్తాయి. అంటే ఆసుపత్రికీ ట్రస్టుకూ మధ్య, క్లెయిము ఎంత తిరస్కరిస్తే అంత మిగిలే మూడో మనిషి వస్తాడు. తిరస్కరించిన క్లెయిముల శాతాన్ని జిల్లాలవారీగా, జబ్బులవారీగా బయటపెట్టాలని ఇప్పుడే అడగాలి.

చికిత్స వరకు మీరు గుర్తుపెట్టుకోవాల్సింది: ప్యాకేజీలో డాక్టరు ఫీజు, పరీక్షలు, మందులు, ఇంప్లాంటు, భోజనం, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే మందులు అన్నీ కలిసి ఉంటాయి. 'అనుమతి వచ్చేదాకా అడ్వాన్సు కట్టండి', 'ఈ స్టెంటు మంచిది, తేడా మీరు కట్టాలి' అంటే కట్టే ముందు ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే వైద్యమిత్రను పిలవండి, అక్కడినుంచే 104కు ఫోను చేయండి. కట్టాల్సి వస్తే రశీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. 'నా ఇష్టంతో పథకం వద్దనుకుంటున్నాను' అనే కాగితాన్ని మిగతా ఫారాల మధ్యలో పెట్టి సంతకం చేయిస్తారు. ఆ ఒక్క సంతకంతో తర్వాతి ఫిర్యాదులన్నీ వీగిపోతాయి. ఆపరేషన్ హడావిడిలో ఉన్నా ప్రతి కాగితం పైన శీర్షిక చదవండి.

ఇక మొత్తం ఆసుపత్రిని ఇచ్చే పద్ధతి. దీనికి బీజం కొత్తది కాదు. 2020 జనవరిలో నీతి ఆయోగ్ జిల్లా ఆసుపత్రులను ప్రైవేటు వైద్య కళాశాలలకు కలిపే నమూనా ఒప్పందం ముసాయిదా విడుదల చేసింది. అరవై ఏళ్ల గడువు, పడకల్లో దాదాపు సగం మార్కెట్ ధరకు. అంతకుముందే చిత్తూరు జిల్లా ఆసుపత్రిని, 2016లో మురకంబట్టులో మొదలైన అపోలో వైద్య కళాశాల విద్యార్థుల శిక్షణకు జతచేశారు. 2025లో రాష్ట్రం పది కొత్త వైద్య కళాశాలలను పీపీపీలో పెట్టాలని నిర్ణయించింది. మొదటి నాలుగింటిలో ఆదోని, మార్కాపురం, పులివెందులతోపాటు మన మదనపల్లె ఉంది. గడువు 33 ఏళ్లు, ఇంకో 33 ఏళ్లు పొడిగించే వీలుంది. ఓపీ ఉచితమని, 70 శాతం పడకలు వైద్యసేవ కింద ఉంటాయని ప్రభుత్వం చెబుతోంది. పార్టీల కొట్లాట పక్కన పెట్టి ఒకటి గుర్తుచేయాలి: 2023లో పూర్తిగా ప్రభుత్వమే తెరిచిన కొత్త కళాశాలల్లోనూ సగం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 20 లక్షలు ఫీజు పెట్టింది అప్పటి ప్రభుత్వమే. ధర్నాలో ఉన్నవాళ్లూ కుర్చీలో ఉన్నవాళ్లూ ఈ విషయంలో మరీ దూరపు చుట్టాలేం కాదు.

70 శాతం పడకలు అన్న మాటను ఎలా చదవాలి? ముందుగా, జనరల్ వార్డును రోగులతో నింపడం కళాశాలకే అవసరం. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనల ప్రకారం 150 సీట్లకు 605 పడకలు ఉండాలి, సగటున 80 శాతం నిండి ఉండాలి. పేద రోగి లేకపోతే గుర్తింపే రాదు. కాబట్టి జనరల్ వార్డులో ఉచిత పడక దానధర్మమేం కాదు. ఐసీయూ, వెంటిలేటరు, నెలలు నిండని పిల్లల వార్డు, క్యాన్సరు మందులు: ఇక్కడ 70 శాతం ఉందా అన్నదే అసలు ప్రశ్న. మొత్తం మీద 70 అని రాసి ఐసీయూలో 10 ఇచ్చినా కాగితం ప్రకారం తప్పు కాదు. విభాగం విభాగానికీ విడిగా రాయించాలి.

రెండోది, పడకలను కాదు, పడక రోజులను లెక్కపెట్టాలి. వంద పడకల్లో 70 ఉచితమంటే ఏడాదికి 25,550 పడక రోజులు. 80 శాతం నిండినా 20,440. ఏడాది చివర ఉచిత రోగులు నిజంగా వాడుకున్న రోజులు 9,000 అని తేలితే మిగతావి ఎక్కడికి పోయాయి? 'రోగులు రాలేదు' అంటారు. అందుకే వెనక్కి పంపినవాళ్ల రిజిస్టరు, వేరే ఆసుపత్రికి రాసిచ్చినవాళ్ల రిజిస్టరు, సలహాకు వ్యతిరేకంగా వెళ్లిపోయారని రాసుకున్న కేసులు, మూడూ చూడాలి. ఖర్చు భరించలేక వెళ్లిపోయినవాడు చాలాసార్లు ఆ మూడో పుస్తకంలోనే దొరుకుతాడు.

మూడోది, ఉచితం ఎంత లోతు వరకు. ఢిల్లీలో ఇంద్రప్రస్థ అపోలోకు ప్రభుత్వం 15 ఎకరాలు నెలకు ఒక్క రూపాయి అద్దెకు ఇచ్చింది, కంపెనీలో వాటా కూడా పెట్టింది. బదులుగా మూడోవంతు పడకలు, ఓపీలో 40 శాతం ఉచితం. మందులు, వాడి పారేసే సామాను అందులో కలవవని ఆసుపత్రి వాదించింది. కలుస్తాయని 2009 సెప్టెంబరులో హైకోర్టు చెప్పేదాకా పేదవాడికి మంచం ఉచితం, బతకడానికి కావాల్సింది మాత్రం కొనుక్కోవాలి. మన ఒప్పందాల్లో మందులు, సిరంజిలు, ఇంప్లాంట్లు, రక్తం, భోజనం అని పేరుపేరునా రాయకపోతే ఇదే కథ మళ్లీ కోర్టుకెక్కుతుంది.

నాలుగోదాన్ని ఎవరూ అడగరు, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అదే: లాభం రాని పనులు ఎవరు చేస్తారు? పోస్టుమార్టం, పోలీసు కేసుల్లో గాయాల సర్టిఫికెట్లు, అత్యాచార బాధితుల పరీక్షలు, వికలాంగులకిచ్చే సదరం ధ్రువపత్రాలు, జైలు ఖైదీలు, అనాథ శవాలు, క్షయ మందులు, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం. వీటికి ప్యాకేజీ లేదు, కోర్టుల చుట్టూ తిరిగే పని మాత్రం ఉంది. మన జిల్లాల్లో దీనికి పాముకాటు, కుక్కకాటు, పురుగుమందు కేసులు కలపండి. వేరుశనగ చేలో పాము కరిస్తే మొదటి విడతలోనే 8 నుంచి 10 వయల్స్ విరుగుడు ఎక్కించాలి, అవి ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉండాలి. కుక్కకాటుకు 0, 3, 7, 28వ రోజుల్లో రెండు చేతులకూ 0.1 మిల్లీలీటరు చొప్పున టీకా, గాయం లోతైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్. పురుగుమందు తాగినవాడికి అట్రోపిన్, రోజుల తరబడి వెంటిలేటరు. ఇవన్నీ రాత్రిపూట, చేతిలో పైసా లేకుండా వచ్చే కేసులు. కనీస నిల్వ ఎంత, అది తగ్గితే రోజుకు ఎంత జరిమానా అని ఒప్పందంలో లేకపోతే ఈ కేసులన్నీ అంబులెన్సు ఎక్కి రుయా దారి పడతాయి. రుయా ఇప్పటికే నేల మీద చాపలు పరిచి నెట్టుకొస్తోంది.

ఐదోది, తిరిగి రావడం. కర్ణాటక రాయచూరులోని రాజీవ్ గాంధీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని సుమారు పదేళ్లు ప్రైవేటు సంస్థ నడిపాక ఒప్పందాన్ని పొడిగించలేదు. స్పెయిన్‌లోని అల్సీరా ఆసుపత్రి 1999 నుంచి ప్రైవేటు నిర్వహణలో ఉండి 2018లో ప్రభుత్వానికి తిరిగొచ్చింది. కాబట్టి వెనక్కి రాదని కాదు, వచ్చేనాటికి ఏం మిగులుతుందన్నది ప్రశ్న. రిటైరైన నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు ఒక్కొక్కటీ రద్దయిపోతే ఆసుపత్రి తిరిగొచ్చిన రోజున గోడలే వస్తాయి. ముగిసే రెండేళ్ల ముందే యంత్రాల తనిఖీ, ప్రభుత్వ పోస్టులను కాగితం మీద బతికించి ఉంచడం, రోగుల రికార్డులు ప్రభుత్వ సొత్తని స్పష్టంగా రాయడం అవసరం. చివరి రెండు మూడేళ్లలో ఎవరూ కొత్త యంత్రం కొనరు, లిఫ్టుకు కూడా గ్రీజు పెట్టించరు.

తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి గురించి కొందరు అడుగుతారు: అది ప్రభుత్వమూ కాదు, ప్రైవేటూ కాదు, బాగానే ఉంది కదా అని. 1993లో సేవలు మొదలుపెట్టిన ఆ సంస్థ వెనక తిరుమల తిరుపతి దేవస్థానం ఉంది, లాభం పంచుకునే వాటాదారు లేడు. అయినా పథకాల్లోకి రాని రోగి అక్కడ ఫీజు కడతాడు. దాన్ని చూపించి లాభాపేక్ష ఉన్న సంస్థలూ అలాగే నడుస్తాయనడం మాత్రం అన్యాయం.

చేతిలో కాగితం లేకుండా వీటిలో ఏదీ తేలదు. సమాచార హక్కు దరఖాస్తు ఇలా పెట్టండి. ఆసుపత్రి సూపరింటెండెంట్ కార్యాలయంలోని సమాచార అధికారి పేరున తెల్లకాగితం, 10 రూపాయల రుసుము. మండల స్థాయి కార్యాలయమైతే 5, గ్రామ స్థాయిలో రుసుమే లేదు. 'పీపీపీ వివరాలు ఇవ్వండి' అని రాస్తే చేతికి ఏమీ రాదు. పత్రాన్ని పేరుపెట్టి అడగాలి: ఒప్పందం, దాని అన్ని అనుబంధాలు, గత పన్నెండు నెలల బిల్లులు, ప్రతి బిల్లులో పెట్టిన కోతలు, కారణాలు, పర్యవేక్షణ కమిటీ సమావేశాల మినిట్స్, ఉచిత, చెల్లింపు రోగుల పడక రోజులు విభాగాలవారీగా. బిల్లులన్నీ వచ్చి కోతల పట్టీ ఖాళీగా ఉంటే, ఏడాది పొడవునా ఒక్క తప్పూ జరగలేదా అని అడగడానికి మీకు అదే ఆధారం. యంత్రాల, మందుల ఒప్పందాలకు రాష్ట్ర వైద్య సేవల, మౌలిక వసతుల సంస్థ ఏపీఎంఎస్ఐడీసీని, ప్యాకేజీలకు వైద్యసేవ ట్రస్టును అడగాలి.

ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వాణిజ్య రహస్యమంటూ 8(1)(డి) సెక్షన్ చూపించి తిప్పి పంపితే, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని అదే సెక్షన్‌లో ఉందని, రహస్యమైన భాగం కొట్టేసి మిగతాది ఇమ్మని పదో సెక్షన్ చెబుతోందని రాసి ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. అదీ కాకపోతే తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఈలోగా సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి, తర్వాత ఎక్కడికి వెళ్లినా ఆ నంబరు పనికొస్తుంది.

వ్యక్తిగతంగా నష్టం జరిగితే వేరే దారి. కేస్ షీటు నకలు కోసం రాతపూర్వకంగా అడగండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. నకలు అందేదాకా గొడవ పడొద్దు, గొడవ మొదలయ్యాక షీట్లలో కొత్త సిరా కనిపిస్తుంది. పూర్తిగా ఉచితంగా నడిచే సర్కారు ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదు. కానీ కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడే అని 1995లో సుప్రీంకోర్టు శాంత కేసులో తేల్చింది. ఇప్పుడు ఇస్తున్న పీపీపీ ఆసుపత్రులు సరిగ్గా ఆ కోవలోకే వస్తాయి. చికిత్సకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి.